పొలము గట్టుకు దిగిన మేఘము
ఫాగ్ కంప్యూటింగును గురించి రైతులకు చేసిన ప్రసంగ పాఠము



ఇటీవల మన పల్లెలకు కొత్త రకము సామాను అమ్మవచ్చేవారు ఎక్కువైనారు. నేలలో గుచ్చితే తేమ ఎంత వున్నదో చెప్పే కడ్డీ, సెల్‌ఫోనులో మీట నొక్కితే తిరిగే మోటారు, తనంతట తానే తెరుచుకొని మూసుకొనే డ్రిప్ వాల్వు, ఇట్టివి. అమ్మేవారు అందరూ దాదాపు ఒకే మాట చెబుతారు. "మీ పొలము సమాచారమంతా క్లౌడ్‌లోకి పోతుంది, అక్కడినుండి మోటారుకు హుకుము వస్తుంది" అని. క్లౌడ్ అనగా ఏమి, అది ఎక్కడ వున్నది, హుకుము రాని రోజున మోటారు ఏమి చేస్తుంది అని అడిగే రైతులు తక్కువ. ఈ మూడవ ప్రశ్నను గురించే ఈనాడు ముఖ్యముగా చెప్పదలచినాను.

క్లౌడ్ అంటే మేఘము. పేరు మేఘమే గాని అది ఆకాశములో లేదు. పెద్ద పెద్ద భవనములలో వేలకొలది కంప్యూటర్లను వరుసలుగా పేర్చి, చల్లగాలి ఆడించి, రాత్రింబవళ్లు నడుపుతూ వుంటారు. అమెజాన్ సంస్థ ఇట్టి కేంద్రములను 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను తెరిచినది. మీ పొలములోని కడ్డీ చూచిన తేమ, సెల్ టవరు మీదుగా, భూమిలో వేసిన తీగల గుండా అట్టి భవనమునకు చేరుతుంది. అక్కడ లెక్క కట్టి, నీరు పెట్టవలెనా వద్దా అని తేల్చి, జవాబు అదే దారిన వెనుకకు పంపుతారు. దారి బాగున్నంతసేపు ఇది చక్కగా జరుగుతుంది.

దారి తెగినప్పుడు ఏమి చేయవలెనన్న ఆలోచన నుండే ఫాగ్ కంప్యూటింగు పుట్టినదనుట సగము నిజము. తక్కిన సగము, లక్షలాది యంత్రములు ఒక్కసారిగా మాట్లాడుట మొదలుపెడితే ఆ దారి చాలదేమోనన్న భయము. ఫాగ్ అంటే పొగమంచు. మేఘము నేలకు దిగితే అది పొగమంచే గదా! దూరమున వున్న లెక్కల పనిలో కొంత భాగమును పొలము దగ్గరకు, యంత్రముల ప్రక్కకు దించుటకు ఈ పేరు పెట్టినారు. అమెరికాలోని సిస్కో కంపెనీకి చెందిన ఫ్లావియో బొనోమీ మొదలగువారు 2012లో రాసిన వ్యాసముతో ఈ మాట ప్రచారములోకి వచ్చినది. 2018లో ఆ దేశపు ప్రమాణముల సంస్థ దీనికి ఒక నిర్వచనమును కూడా ప్రచురించినది. మామిడి పూత మీద పొగమంచు చూచి దిగులుపడే రైతుకు ఈ పేరు రుచించకపోవచ్చు. పేరు మనము పెట్టినది కాదు. కొందరు వర్తకులు దీనినే, లేక దీనికి దగ్గరి దానిని, ఎడ్జ్ కంప్యూటింగు అంటారు. ఆ రెంటి మధ్య తేడా పండితులకు ముఖ్యము గాని, మన పనికి అంత అవసరము లేదు.

మన గ్రామముల పాత ఏర్పాటును తలచుకొంటే ఈ విషయము తేలికగా బోధపడుతుంది. చెరువు తూము దగ్గర నీరటి వుండేవాడు. ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో అతడు అక్కడనే చూచి, అక్కడనే తేల్చేవాడు. ఊరిలో కరణము వుండేవాడు. 1984లో ఆ ఉద్యోగము రద్దు కాకముందు పనిచేసిన కరణాలు ఇక్కడి పెద్దలకు జ్ఞాపకముండే వుంటారు. ఏ సర్వే నంబరులో ఏ పైరు వున్నది, ఎంత సాగయినది అని కరణము దస్త్రములో రాసుకొని, మొత్తములు కట్టి, తాలూకా కచేరీకి పంపేవాడు. కచేరీలో పది ఊళ్ల లెక్కలు, పదేండ్ల లెక్కలు ఒకచోట చేరేవి. తూము ఎత్తుటకు కచేరీ నుండి తాఖీదు రావలెనని ఎవరైనా నియమము పెట్టివుంటే, తాఖీదు వచ్చేలోపల నారు ఎండిపోయేది. అట్లని కచేరీ అక్కరలేదని కాదు. కరవు సంవత్సరమున ఏ ఊరికి ఎంత రెమిషను ఇవ్వవలెనో నీరటికి తెలియదు గదా. పొలములోని సెన్సారు, వాల్వు నీరటి వంటివి. క్లౌడ్ కచేరీ వంటిది. ఈ రెంటి మధ్య ఊరిలోనే కూర్చొని లెక్క చూచే కరణము వంటిది ఫాగ్ యంత్రము. కొత్త సామాను అమ్మేవారిలో చాలామంది నడిమి కరణమును తీసివేసి, తూము తాళపుచెవిని కచేరీలో పెట్టినారు. నా అభ్యంతరమంతా దీని మీదనే.

మోటారు స్టార్టరు సంగతి మీకందరికీ అనుభవమే. ఆటో స్టార్టరు బిగిస్తే కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది. నిర్ణయము పొలములోనే జరుగుతున్నది, కాని దానికి తెలివి లేదు. వాన కురుస్తున్నా తిరుగుతుంది, నేల చిత్తడిగా వున్నా తిరుగుతుంది. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరినది ఇందుకే; రేయింబవళ్లు మోటార్లు తిరిగితే భూగర్భ జలము అడుగంటుతుంది. దీని తరువాత సెల్‌ఫోను స్టార్టరు వచ్చినది. ఇక్కడ తెలివి వున్నది, అది మీదే. కాని ఆ తెలివి పొలమునకు దూరముగా ఇంటిలోనో, పెండ్లి పందిరిలోనో వున్నది. నేల ఎంత తడిసినదో మీకు అక్కడినుండి కనపడదు, సిగ్నలు లేకపోతే మీ మాట మోటారుకు వినపడదు. తెలివిని మోటారు గదిలోనే వుంచి, రైతు పెట్టిన షరతుల ప్రకారము నడిపించుట ఫాగ్ పద్ధతి.

నాలుగెకరముల బత్తాయి తోట తీసుకొందాము. డ్రిప్ వేసినారు, బోరు ఒకటి, తోటను నాలుగు భాగములు చేసి నాలుగు వాల్వులు పెట్టినారు. ఒక్కొక్క భాగములో రెండు తేమ కడ్డీలు గుచ్చవలెను. ఒకటి జానెడు లోతున, రెండవది మూరెడు లోతున. పైది వేళ్లు నీరు త్రాగుచున్న సంగతి చెబుతుంది, క్రిందిది నీరు అవసరమునకు మించి దిగిపోయిన సంగతి చెబుతుంది. ఈ ఎనిమిది కడ్డీలు చిన్న రేడియో ద్వారా మోటారు గదిలోని పెట్టెతో మాట్లాడుతాయి. మన దేశములో లైసెన్సు అక్కరలేకుండ వాడుకొనుటకు 865 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగములను విడిచివున్నారు. లోరా అనే రేడియో పద్ధతి వాటి మీద నడుస్తుంది. అడ్డము లేని బయలు నేలలో రెండు మూడు కిలోమీటర్లు అందుతుంది, బ్యాటరీ ఖర్చు స్వల్పము. దీనికి సిమ్ కార్డు అక్కరలేదు, టవరు అక్కరలేదు. పెట్టెలో అరచేతి ప్రమాణపు కంప్యూటరు ఒకటి, కరెంటు పోయినా నడిచేందుకు బ్యాటరీ ఒకటి వుంటాయి.

ఆ కంప్యూటరులో రాసిపెట్టవలసిన షరతులు ఏవి? ఇది ఇంజనీరు ఒక్కడు తేల్చగల పని కాదు, ఇక్కడ వ్యవసాయ శాస్త్రము కావలెను. టెన్షియోమీటరు అనే పరికరము, వేరు నీటిని ఎంత బలముతో లాగవలసివస్తున్నదో సెంటీబార్ల లెక్కన చూపుతుంది. అంకె 10 లోపల వుంటే నేల నిండా నీరున్నట్లు. 80 దాటితే పరికరములోకి గాలి చొరబడి పనిచేయదు. ఇసుక పాలు ఎక్కువగా వున్న చల్కా నేలలలో 20, 30 మధ్యనే నీరు విడువవలెను. ఎందుచేతనంటే ఆ నేలలో అంతకుమించి నిలువ వుండే నీరు బహు స్వల్పము. నల్లరేగడిలో చాల పైర్లకు 50 వరకు ఆగవచ్చును. పైరును బట్టి, పూత కాత దశలను బట్టి ఇవి కొంత మారుతాయి. అన్ని నేలలకు ఒకే అంకె పెట్టి అమ్మే పెట్టె చల్కాలో చెట్టును వాడిస్తుంది, రేగడిలో వేరు కుళ్లిస్తుంది. ఇంకొక చిక్కు: నల్లరేగడి ఎండి నెర్రెలు విచ్చినప్పుడు కడ్డీకి, మట్టికి మధ్య సందు ఏర్పడి, నేలలో తేమ వున్నా లేనట్లు చూపుతుంది. అప్పుడు పెట్టె ఒక్క కడ్డీ మాట నమ్మకుండ, ప్రక్క భాగములోని కడ్డీలతో సరిచూచుకొనవలెను. ఇట్లు పోల్చి చూచే పని దగ్గరనే వున్న కంప్యూటరు సులభముగా చేస్తుంది.

మోటారు లాగే కరెంటు ఆంపియర్లను కూడా పెట్టె చూస్తూ వుండవలెను. బోరులో నీరు అందనప్పుడు మోటారు మీద బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి. ఆ సంగతి ముంబయికి పోయి జవాబు వచ్చేదాక ఆగితే, మధ్యలో సిగ్నలు లేకపోతే, సబ్‌మెర్సిబుల్ మోటారు చుట్ట కాలిపోతుంది. దానిని పైకి లాగించి మరల చుట్టించుటకు అయ్యే ఖర్చు మీకు నేను చెప్పనక్కరలేదు. ఇది నిమిషములలో, అక్కడికక్కడే తేలవలసిన నిర్ణయము.

ఇప్పుడు కొంచెము లెక్క చూద్దాము. కడ్డీ ఒక్కసారి చెప్పే సంగతి 12 బైట్లు అనుకొందాము. పావుగంటకొకసారి చొప్పున రోజుకు 96 సార్లు. ఎనిమిది కడ్డీలకు కలిపి 9,216 బైట్లు. మీరు సెల్‌ఫోనుతో తీసే ఫోటో 3 మెగాబైట్లు వున్నదనుకొంటే, తోట మొత్తపు రోజు లెక్క అందులో మూడు వందవ వంతు కూడా కాదు. కాబట్టి, "ఇంటర్నెట్ బరువు తగ్గుతుంది గనుక మా ఫాగ్ పెట్టె కొనండి" అని తేమ కడ్డీల వర్తకుడు చెబితే ఆ మాటకు విలువ లేదు. నేల ఎండుటకు గంటలు, దినములు పడుతుంది గనుక వేగము కొరకు కూడా అక్కరలేదు. తేమ కడ్డీల విషయములో పెట్టెను దగ్గర వుంచుకొనుటకు నాకు కనపడే బలమైన కారణము ఒక్కటే: దారి తెగినా పని ఆగకూడదు.

కెమేరా పెడితే లెక్క మారుతుంది. పది నిమిషములకొక ఫోటో చొప్పున రోజుకు 144 ఫోటోలు, 432 మెగాబైట్లు. పల్లె సిగ్నలు మీద ఇంతటిది ప్రతి దినము పంపుట కష్టము. ఫోటోను పొలములోనే పరిశీలించి, "మూడవ వరుసలో ఆకు రంగు మారినది" అనే ఒక్క వాక్యము పంపితే చాలును.

అమెరికాలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఫార్మ్‌బీట్స్ అనే పేరుతో ఇట్టి ప్రయత్నమునే చేసి 2017లో ఫలితములు ప్రకటించినారు. వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రముల పొలములలో దానిని నడిపి చూచినారు. అక్కడ కూడా పల్లెలలో ఇంటర్నెట్ అంతంత మాత్రమే. టెలివిజను ప్రసారములు వాడుకొనని ఖాళీ తరంగముల మీద పొలము సమాచారమును రైతు ఇంటికి చేర్చి, ఆ ఇంటిలోని మామూలు కంప్యూటరు మీదనే డ్రోను తీసిన చిత్రములను అతికి పొలము పటము తయారుచేసినారు. పైకి పంపినది కుదించిన సారము మాత్రమే. ఇంటర్నెట్ పోయినప్పుడు కూడా రైతుకు కావలసిన ముఖ్యమైన పనులు ఇంటి కంప్యూటరు చేస్తూనే వుండేటట్లు ఏర్పాటు చేసినారు.

వేగము నిజముగా కావలసిన చోటులు కూడా వున్నవి. జాన్ డీర్ కంపెనీ కలుపును చూచి దాని మీదనే మందు చిమ్మే యంత్రమును 2022లో బయటపెట్టినది. కెమేరాలు కలుపును గుర్తించగానే ఆ ఒక్క నాజిలు తెరుచుకొంటుంది. గంటకు 20 కిలోమీటర్లు నడిచే యంత్రము ఒక సెకనులో అయిదున్నర మీటర్లు పోతుంది. జవాబు అర సెకను ఆలస్యమైతే మందు రెండున్నర మీటర్ల అవతల పడుతుంది. అందువలన ఆ లెక్క యంత్రము మీదనే జరుగుతుంది.

చేపలు, రొయ్యలు నా శాస్త్రము కాదు. అయినా గోదావరి జిల్లాల రైతులు ఇక్కడ వున్నారు గనుక ఒక మాట. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికంటె తక్కువగా వుంటుంది. రాత్రంతా నాచు, రొయ్య అన్నీ దానిని పీల్చివేసి, ఎండ లేక కొత్తది పుట్టదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపలికి దిగితే రొయ్య తల్లడిల్లుతుంది. ఆ వేళకు ఏరేటర్లు తిరగకపోతే పంట మొత్తము ఒక్క రాత్రిలో పోవచ్చును. ఇట్టి చెరువు మీద ఏరేటరు తాళపుచెవిని దూరపు కంప్యూటరుకు అప్పగించుట ఎంత ప్రమాదమో ఆలోచించండి. పైగా గాలివానల కాలములోనే సెల్ టవర్లు పడిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము మీద తీరము దాటినప్పుడు ఆ ప్రాంతములో ఫోనులు, కరెంటు దినములకొలది లేవు.

క్లౌడ్ అనవసరమని నేను అనుట లేదు. పది సంవత్సరముల తేమ లెక్కలు, వర్షపాతము, దిగుబడి కలిపి చూచి ఏ నెలలో ఎంత నీరు వృథా అవుచున్నదో తేల్చుట మోటారు గదిలోని చిన్న కంప్యూటరుకు మించిన పని. ఆకు మచ్చను చూచి తెగులు గుర్తించే విద్యను వేలాది ఫోటోలతో పెద్ద కంప్యూటరుకే నేర్పవలెను. నేర్చిన తరువాత ఆ విద్యను కుదించి పొలములోని పెట్టెకు దించవచ్చును. వాతావరణ శాఖ వారి సూచన కూడా పైనుండే రావలెను. రెండు దినములలో వాన వస్తుందన్న కబురు ఉదయము ఒక్కసారి అందితే చాలు, పెట్టె ఆ పూట తడిని వాయిదా వేస్తుంది. కబురు అందకపోతే తన కడ్డీలను చూచుకొని యథాప్రకారము నడుస్తుంది.

సమాచారమును ఊరిలోనే చూచుకొని ఊరిలోనే నిర్ణయించుట మన రైతులకు కొత్త కాదు. 2000 తరువాతి దశాబ్దములో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భ జలమును కొలుచుకొనే పథకము నడిచినది. అనంతపురము, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ వాటిలోనివి. రైతులు తామే వాన కొలిచి, బావులలో నీటిమట్టము కొలిచి, ఆ అంకెలను ఊరిలో బోర్డు మీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చొని, వున్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని లెక్క వేసుకొనేవారు. ఏ పైరు వేయవలెనో శాసించేవారు లేరు. లెక్క కళ్లయెదుట వుండేసరికి ఎవరికి వారే ఆలోచించుకొన్నారు. ఫాగ్ యంత్రమును ఒక్కొక్కరు వేరుగా గాక, ఊరి రైతు సంఘము తరఫున ఒకటి పెట్టుకొంటే ఈ పనికి బాగా సరిపోతుంది. ఒక రేడియో పెట్టె చుట్టుప్రక్కల అనేక పొలముల కడ్డీలను వినగలదు. ఇరుగుపొరుగు బోర్లు ఒకే గంటలో ఒకే నీటి పొరను లాగకుండ వంతులు వేయవచ్చును. మీ బోరు ఒక్కదానినే ఎరిగిన పెట్టె ఎంత తెలివైనదైనా ప్రక్క బోరు సంగతి ఎరుగదు.

రెండెకరముల మెట్టలో కంది, ఆముదము వేసుకొనే రైతుకు ఇవి ఏవీ అక్కరలేదు. ఆ డబ్బుతో పొలములో నీటికుంట త్రవ్వించుకొనుట మేలు. డ్రిప్ వున్న తోటలు, కూరగాయలు, మిరప, పాలీహౌసులు, రొయ్యల చెరువులు గలవారు ఆలోచించవచ్చును.

కొనదలచినవారు వర్తకునితో ఒప్పుకొనే ముందు ఒక పరీక్ష పెట్టుడు. ఇంటర్నెట్ తీసివేసి మూడు దినములు ఆ పెట్టెను అతని యెదుటనే నడిపించుడు. తోటకు సమయమునకు నీరు పారినదా, మూడు దినముల లెక్కలు పెట్టెలో భద్రముగా వున్నవా, ఇంటర్నెట్ తిరిగి రాగానే ఆ లెక్కలు పైకి చేరినవా చూడుడు. కడ్డీ తీగ ఒకటి వూడదీసి చూడుడు. కడ్డీ మాట రానప్పుడు పెట్టె నీరు ఆపకుండ విడిచిపెట్టకూడదు, అసలే విడువక చెట్టును ఎండబెట్టకూడదు. మీరు పెట్టిన గంటల లెక్కన కొలతగా పారించి, మీకు కబురు పంపవలెను. కంప్యూటరుతో సంబంధము లేకుండ చేతితో మోటారు వేసుకొనే స్విచ్చి విడిగా వుండి తీరవలెను. అది లేని సామాను ఎంత చవకగా వచ్చినా వద్దు.

కంపెనీ మూతపడితే పెట్టె పనిచేస్తుందా అని కూడా అడుగుడు. కొన్ని రకములకు ఏటేటా చందా కట్టకపోతే వాల్వు కూడా కదలదు. మీ పొలము లెక్కలను పెన్‌డ్రైవులోకి మీరు తీసుకొనే వీలు వున్నదా, మీ అనుమతి లేకుండ వాటిని ఎరువుల వర్తకునికో, అప్పులిచ్చేవారికో చూపుతారా అన్నది కాగితము మీద రాయించుకొనవలెను. నోటిమాట చాలదు.

తాళము సంగతి మరువకూడదు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డు మార్చకుండ వదిలివేసిన కెమేరాలలోకి, రౌటర్లలోకి లక్షల సంఖ్యలో చొరబడి, వాటిని ఆయుధముగా చేసుకొని పెద్ద పెద్ద ఇంటర్నెట్ సేవలను స్తంభింపజేసినది. పెట్టె బిగించిన దినమే పాస్‌వర్డు మార్చి, ఆ మాటను మోటారు గది గోడ మీద సుద్దముక్కతో రాయకుండ వుండుడు.

ఇక మోటారు గది. కంప్యూటరు ఎంత గొప్పదైనా ఆ గదిలో వేడి, దుమ్ము, బల్లులు, ఎలుకలు వుంటాయి. పెట్టెను నేల మీద గాక గోడకు ఛాతీ ఎత్తున, స్టార్టరుకు కొంచెము ఎడముగా, తీగల రంధ్రములు మూసి బిగించవలెను. స్టార్టరుకు వేసిన ఎర్తింగు సరిగా వున్నదో లేదో ఎలక్ట్రీషియను చేత కొలిపించుడు, పిడుగు పోటును ఆపే సర్జ్ అరెస్టరు పెట్టించుడు. కడ్డీలను బిగించుటకు తొలకరి వాన పడి నేల మెత్తబడిన తరువాతి వారము మంచిది. అప్పుడు కడ్డీ చుట్టూ మట్టి సందు లేకుండ కూర్చుంటుంది, నెర్రెలు విచ్చే వేసవి నాటికి ఒక పంట కాలపు లెక్క మీ చేతిలో వుంటుంది.